బాయి ఉద్యోగమా, గచ్చిబౌలి ఉద్యోగమా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గోదావరిఖని. నాకు 29 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఈ కంపెనీలో చేరి మూడున్నరేళ్లయింది. ప్యాకేజీ 9 లక్షలు, చేతికి నెలకు 57 వేలు వస్తాయి. క్యాబ్ ఉంది, మధ్యాహ్నం భోజనం ఫ్రీ, 5 లక్షల హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని. నా భార్య ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్. 19 వేల జీతం తప్ప అక్కడ సౌకర్యాలంటూ ఏమీ లేవు. ఇప్పుడు తనకు ఐదో నెల.

మా నాన్న 31 ఏళ్లుగా సింగరేణి బొగ్గు కంపెనీలో బాయి పని, అంటే భూగర్భ గనిలో పని చేస్తున్నారు. మోకాళ్లు పట్టేశాయి, ఆయాసం కూడా ఉంది. మెడికల్ బోర్డుకు పెట్టుకున్నారు. అన్‌ఫిట్ చేస్తే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు, దాన్ని నన్ను తీసుకోమంటున్నారు. క్వార్టర్, ఫ్రీ కరెంటు, ఆస్పత్రి, దీపావళి బోనస్, లాభాల వాటా అన్నీ కలిపితే నీ ప్యాకేజీ ఏ మూలకని అమ్మ అంటుంది. మా పిన్ని కొడుకు అక్కడే కాంట్రాక్టు పని చేస్తాడు. 'వచ్చినదాన్ని కాలదన్నుకుంటావా' అని వాడు తిడుతున్నాడు. నా భార్య వద్దంటోంది. చెల్లెలు బీఎస్సీ చేసి ఇంట్లోనే ఉంది, దాని పెళ్లి బాధ్యత కూడా నాదే. రెండు ఉద్యోగాల సౌకర్యాలూ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువో చెప్పండి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్.

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను ఇరవై ఆరేళ్లు ఒక ఫ్యాక్టరీ జీతాల సెక్షన్లో పని చేశాను. వేలమంది జీతాల స్లిప్పులు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఇంకో సంగతి, మా మేనమామ బెల్లంపల్లిలో బాయి పని చేశాడు. ఎండాకాలం సెలవులంతా వాళ్ల క్వార్టర్లోనే గడిపేదాన్ని. అందుకే మీ ఇంట్లో జరుగుతున్న ఈ మాటలన్నీ నాకు బాగా తెలిసినవే అనిపించాయి.

ముందు మీ ప్యాకేజీ సంగతి చూద్దాం. తొమ్మిది లక్షలంటే నెలకు 75 వేలు. చేతికి వచ్చేది 57 వేలు. మిగతా 18 వేలు ఎక్కడికి పోయాయో మీ ఆఫర్ లెటర్ చివరి పేజీ తీసి చూడండి. సాధారణంగా అందులో కంపెనీ కట్టే పీఎఫ్ ఉంటుంది. ఇన్సూరెన్స్ ప్రీమియం ఉంటుంది. ఏడాదికి ఒకసారి ఇచ్చే వేరియబుల్ పే ఉంటుంది, అది రావచ్చు, సగమే రావచ్చు. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బు, అని ఇంకో వరస ఉంటుంది. ఆ ఒక్క వరస దగ్గర కాసేపు ఆగండి. మీ బేసిక్ 30 వేలనుకుందాం. గ్రాట్యుటీ లెక్క ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం, నెలకు 26 రోజుల చొప్పున. అంటే ఏడాదికి 17,307 రూపాయలు. దీన్ని మీ కంపెనీ ప్రతి ఏడాదీ మీ ప్యాకేజీలో చూపిస్తోంది. కానీ మీలాంటి పర్మినెంట్ ఉద్యోగికి ఐదేళ్లు నిండితేనే అది చేతికి వస్తుంది. ఉద్యోగి చనిపోయినా, పనిచేయలేని స్థితికి వచ్చినా మాత్రమే ఆ ఐదేళ్ల షరతు ఉండదు. మీరు ఇప్పుడు మూడున్నరేళ్లకే రాజీనామా చేస్తే సుమారు 60 వేలు అక్కడే వదిలేసి బయటికి వస్తున్నట్టు. మీ జీతంలో భాగమని చెప్పిన డబ్బే అది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు నాలుగేళ్లకే మానేసిన పిల్లలను చూశాను. ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం మీద గ్రాట్యుటీ దగ్గర సున్నా చూసి, 'మేడమ్, ఇది పొరపాటు కదా' అని అడిగేవాళ్లు. కాదని చెప్పడం నాకు ఎంత కష్టంగా ఉండేదో.

క్యాబ్, భోజనం, ఇంటి నుంచి పని మంచివే. రోజూ పనికొస్తాయి, నెలకు ఐదారు వేల ఖర్చు తప్పిస్తాయి. కానీ ఇవి కంపెనీ ఇష్టం మీద నడిచేవి. ఒక మెయిల్ వచ్చిందంటే సోమవారం నుంచి క్యాబ్ ఉండదు. మీ ఫ్లోర్ ఊడ్చే ఆమె ఆ ఫ్రీ భోజనం తింటుందో లేదో ఎప్పుడైనా చూశారా? మా ఫ్యాక్టరీలో పర్మినెంట్ వాళ్లకు నీలం కూపన్ ఉండేది, దానికి ఐదు రూపాయలు. కాంట్రాక్టు వాళ్లకు తెల్ల కూపన్, పూర్తి ధర. అన్నం ఒకటే, పప్పు ఒకటే, వడ్డించే గరిటె కూడా ఒకటే. తెల్ల కూపన్ వాళ్లలో చాలామంది షెడ్డు వెనకాల నేరేడు చెట్టు కింద కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న బాక్స్ తినేవాళ్లు. 250 మంది దాటిన ఫ్యాక్టరీలో క్యాంటీన్ పెట్టాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది కాబట్టి మా దగ్గర క్యాంటీన్ ఉండేది. లేకపోతే నీలం కూపన్ కూడా ఉండేది కాదేమో. ఒక సౌకర్యం చట్టం వల్ల వచ్చిందా, యూనియన్ ఒప్పందం వల్ల వచ్చిందా, యజమాని మంచితనం వల్ల వచ్చిందా అన్నది చూసుకోవాలి. మొదటి రెండూ గట్టివి. మూడోది ఎప్పుడైనా పోవచ్చు.

ఇప్పుడు అమ్మగారి మాట. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. 2025 దసరా ముందు సింగరేణి లాభాల వాటా ప్రకటించినప్పుడు 34 శాతం, అంటే సుమారు 802 కోట్ల రూపాయలు, సుమారు 41 వేల మంది ఉద్యోగులకు ఇచ్చారు. సగటున ఒక్కొక్కరికి లక్షా 95 వేలు. ఆ తర్వాత దీపావళి బోనస్ లక్షా 3 వేలు. మా అన్నయ్య రైల్వేలో చేశాడు. వాళ్లకూ దసరా ముందు 78 రోజుల బోనస్ వస్తుంది, కానీ నెలకు 7 వేల వేతనం అన్న పరిమితి మీద లెక్కగడతారు కాబట్టి 17,951 రూపాయల దగ్గర ఆగిపోతుంది. అదే అన్నయ్యకు పాస్ ఉండేది, కుటుంబమంతా కాశీకి వెళ్లొచ్చేవాళ్లు. పెళ్లిళ్లలో నలుగురు చేరినప్పుడు ఒకడు పాస్ గురించి, ఒకడు బ్యాంకు వాళ్ల తక్కువ వడ్డీ లోన్ గురించి, ఒకడు బోనస్ గురించి చెబుతాడు. ఎవరికి వాళ్లకు పక్కవాడిదే బాగున్నట్టు ఉంటుంది. బ్యాంకు వాళ్ల ఆ తక్కువ వడ్డీని కూడా జీతంలో భాగంగానే లెక్కేసి పన్ను కట్టాల్సిందేనని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి మాత్రం పెళ్లిలో ఎవరూ చెప్పరు.

కానీ బాబూ, అమ్మగారు చూస్తున్నది 31 ఏళ్ల సర్వీసున్న మనిషి బోనస్. మీరు చేరితే నాన్నగారి హోదాలో చేరరు. ఇలా వచ్చేవాళ్లను సాధారణంగా బదిలీ వర్కర్‌గానో (పనికి రానివాళ్ల స్థానంలో చేసే మనిషి), జనరల్ అసిస్టెంట్ ట్రైనీగానో తీసుకుంటారు. బీటెక్, ఎంబీఏ చేసినవాళ్లు కూడా అలా చేరినవాళ్లున్నారు. అక్కడ అంతా మస్టర్ల లెక్క, అంటే హాజరైన రోజుల లెక్క. ఏడాదికి భూగర్భంలో 190, ఉపరితలంలో 240 మస్టర్లు నిండాలన్న మాట మీరు చిన్నప్పటి నుంచీ వింటూనే ఉండి ఉంటారు. లాభాల వాటా, బోనస్ కూడా హాజరును బట్టే వస్తాయి. 'సగటున' అన్న మాటలో నాగాలు పెట్టినవాళ్లు, కొత్తగా చేరినవాళ్లు, పాతవాళ్లు అందరూ కలిసి ఉంటారు. క్లర్కు, అసిస్టెంట్ పోస్టులకు లోపలివాళ్లకు నోటిఫికేషన్లు వస్తాయి నిజమే, కానీ మీలాగా చదువుకుని వాటికోసం ఎదురుచూసేవాళ్లు చాలామందే ఉంటారు. రెండేళ్లలో ఆఫీసులోకి వచ్చేస్తానన్న ధీమాతో మాత్రం చేరవద్దు. పదేళ్లు బాయిలోనే ఉంటే నాకు సమ్మతమేనా అని అడుక్కోండి. సమ్మతమే అయితే చేరండి.

మా మేనమామ రాత్రి షిఫ్టు దిగి వచ్చి పెరట్లో స్నానం చేస్తుంటే అత్తయ్య వీపు రుద్దేది. ఎంత రుద్దినా చెవుల వెనకా, గోళ్ల కిందా నలుపు పోయేది కాదు. పొద్దున ఎనిమిదికి అన్నం తిని, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకునేవాడు. మేం పిల్లలం గుసగుసలతో ఆడుకోవాలి. ఆ క్వార్టర్, ఆ కరెంటు, ఇంటికి వచ్చే బొగ్గు, పిల్లల బడి మాకు ఎంతో గొప్పగా కనిపించేవి. మామయ్య దగ్గుతో నిద్ర లేచి కూర్చోవడం కూడా నాకు గుర్తుంది. ఆ సౌకర్యాలు ఎవరూ ఊరికే ఇచ్చినవి కావు. ప్రమాదకరమైన పని కాబట్టి, కార్మికులు తరాలుగా కొట్లాడారు కాబట్టి వచ్చాయి. వాటిని తీసుకోవడానికి సిగ్గుపడాల్సిన పని ఎంతమాత్రం లేదు. వాటి కోసం ఇచ్చేది ఏమిటో తెలిసి తీసుకోవాలి, అంతే. మీ నాన్నగారి మోకాళ్లూ, ఆయాసమూ ఆ క్వార్టర్ అద్దెలో ఉన్నాయి. ఈ మాట మీ అమ్మగారిని బాధపెట్టాలని రాయలేదు.

వైద్యం విషయంలో మటుకు నా ఓటు అమ్మగారికే. ఇది నా సొంత అనుభవంతో చెబుతున్నాను. 2011లో మావారు ఒక ప్రైవేటు కంపెనీ మానేసి ఇంకోదాంట్లో చేరబోతున్నారు. మధ్యలో ఇరవై మూడు రోజుల ఖాళీ. ఆ ఖాళీలో పదకొండో రోజున గుండె నొప్పి వచ్చింది. ఆస్పత్రి కౌంటర్లో నేను పర్సులోంచి ఇన్సూరెన్స్ కార్డు తీసి ఇచ్చాను. ఆ అమ్మాయి నంబరు కొట్టి, 'ఇది పనిచేయడం లేదండీ' అంది. ఉద్యోగంలో ఆఖరి రోజుతోనే ఆ కార్డు చెల్లకుండా పోయింది. జీతాల సెక్షన్లో పని చేసేదాన్ని, ఎంతమందికో ఈ రూలు చెప్పినదాన్ని, నా ఇంటి దగ్గరకు వచ్చేసరికి గుర్తు లేదు. అప్పటి నా గాజులు మళ్లీ ఈ చేతికి రాలేదు.

మీ 5 లక్షల ఇన్సూరెన్సూ ఇలాంటిదే. మీరు ఆ కంపెనీలో ఉన్నంతవరకే. మీ భార్యకు ఐదో నెల అన్నారు. ఏ నిర్ణయం తీసుకున్నా సరే, కాన్పు అయి, తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వచ్చేదాకా మీరు రాజీనామా చేయవద్దు. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. బయట సొంతంగా ఇప్పుడు పాలసీ కొన్నా కాన్పు ఖర్చుకు మామూలుగా రెండు నుంచి నాలుగేళ్ల వెయిటింగ్ పెడతారు. కంపెనీ పాలసీలో ఆ వెయిటింగ్ చాలాచోట్ల ఉండదు, కానీ కాన్పుకు ఇచ్చేదానికి ఒక పరిమితి ఉంటుంది. అది ఎంతో, పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందో లేదో హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

సింగరేణి వైద్యం అలా కాదు. ఉద్యోగికీ, మీద ఆధారపడినవాళ్లకూ ఏరియా ఆస్పత్రి ఉంటుంది, అక్కడ కుదరకపోతే హైదరాబాద్‌కు రిఫర్ చేస్తారు. రిటైరైన తర్వాత కూడా కార్మికుడికీ భార్యకూ కలిపి 8 లక్షల వరకు వైద్య పథకం ఉంది. మీ నాన్నగారు అన్‌ఫిట్ అయితే ఆ పథకంలో ఎలా చేరాలో, ఎంత కట్టాలో ఇప్పుడే పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో అడిగి పెట్టుకోండి. మీరు ఉద్యోగం తీసుకున్నా తీసుకోకపోయినా అది వాళ్ల హక్కు. గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ (బొగ్గుగని కార్మికుల పీఎఫ్) డబ్బు, పెన్షన్ కూడా అంతే, ఆయన సంపాదించుకున్నవి. కొడుకు చేరకపోతే అన్నీ పోతాయని ఇంట్లో ఎవరైనా భయపడుతుంటే ఆ భయం తీసేయండి.

పెన్షన్ గురించి ఎక్కువ చెప్పను. బొగ్గుగని కార్మికుల పెన్షన్ పథకం 1998లో మొదలైంది, అది ధరలతో పాటు పెరగదు. మీ ప్రైవేటు ఉద్యోగంలో వచ్చే ఈపీఎస్ పెన్షన్ దానికంటే గొప్పదేమీ కాదు. 15 వేల వేతన పరిమితి మీద లెక్క కాబట్టి ముప్పై ఏళ్లు చేసినా నెలకు ఏడు వేల లోపే. రెండు చోట్లా ముసలితనానికి సొంతంగా దాచుకోవాల్సిందే.

ఇక మీ ఉత్తరంలో మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన విషయం. మీ భార్య ఉద్యోగంలో 'సౌకర్యాలంటూ ఏమీ లేవు' అన్నారు. ఆమె జీతం స్లిప్పు తెప్పించి ముందు పెట్టుకోండి. నెలకు 21 వేల లోపు జీతం, పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోటు అయితే చాలామటుకు ఇఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉండాలి. ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 19 వేల మీద 143 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం. ఆ 143 రూపాయల కోత ఉందా? ఉంటే ఆమెకు కాన్పు ఇఎస్ఐ ఆస్పత్రిలో ఉచితం. అంతకంటే పెద్ద సంగతి, 26 వారాలు పూర్తి వేతనం లెక్కన ఇఎస్ఐ వాళ్లే ఆమె ఖాతాలో వేస్తారు. దానికి ముందున్న రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కనీసం 70 రోజులకు చందా పడి ఉండాలి. 19 వేల జీతానికి ఆరు నెలలకు లక్షా పద్నాలుగు వేలు. గోదావరిఖనిలో మీ వాళ్లు చెప్పుకునే దీపావళి బోనస్ కంటే ఎక్కువ ఇది! కూకట్‌పల్లిలోనో, మియాపూర్‌లోనో మైక్రోస్కోప్ ముందు కూర్చుని పనిచేసే ఆడపిల్లకు వచ్చేది. మీ ఇంట్లో ఎవరూ దీన్ని లెక్కలోకే తీసుకోలేదు.

స్లిప్పులో ఆ కోత లేదనుకోండి, లేదా అసలు స్లిప్పే ఇవ్వడం లేదనుకోండి. అప్పుడు ఆమెను మర్యాదగా, కానీ రాతపూర్వకంగా అడగమనండి. ఇఎస్ఐ వర్తించకపోతే ప్రసూతి చట్టం కింద యజమానే 26 వారాల జీతంతో సెలవు ఇవ్వాలి. అంతకుముందు ఏడాదిలో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. 'కాన్పు అయ్యాక మళ్లీ చేరుదువుగానిలే, ఇప్పటికి రిజైన్ చెయ్యి' అంటారు కొన్నిచోట్ల. ఆ రిజైన్ కాగితం మీద సంతకం పెట్టవద్దని చెప్పండి. మా సెక్షన్లోనే ఒకమ్మాయి అలా సంతకం పెట్టింది. తర్వాత నాలుగు నెలలు వచ్చి వచ్చి తిరిగింది. ఆమె ఫైలు తెరిచినప్పుడల్లా పైన రాజీనామాయే కనిపించేది, ఎవరూ ఏమీ చేయలేకపోయాం. ఆ అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మీ భార్య విషయంలో అలా జరగకూడదు.

మీ పిన్ని కొడుకు తిడుతున్నాడని రాశారు. అతని మాటల వెనక ఉన్న మంట నాకు అర్థమవుతోంది. అదే 2025లో, అదే ప్రకటనలో, సింగరేణి కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చింది ఒక్కొక్కరికి 5,500 రూపాయలు. అంతకుముందు ఏడాది 5,000. అది కూడా అప్పుడే మొదటిసారి ఇచ్చారు. ఒకే గేటు లోపల, ఒకే దుమ్ములో పనిచేసే ఇద్దరిలో ఒకరికి లక్షా 95 వేలు, ఒకరికి 5,500. ఎప్పుడూ సాఫ్ట్‌వేర్‌కూ సర్కారుకూ మధ్య తేడానే చూస్తాం, కానీ ఇంత పెద్ద తేడా ఒకే చోట పర్మినెంట్‌కూ కాంట్రాక్టుకూ మధ్య ఉంది. అతనికి మీరు ఎందుకు ఆలోచిస్తున్నారో నిజంగానే అర్థం కాదు. కోపం తెచ్చుకోకండి. వీలైతే అతని చందా సీఎంపీఎఫ్‌లో పడుతోందో లేదో కలిసి కూర్చుని చూడండి. కాంట్రాక్టు కార్మికులకు ఆ ఖాతా ఉండాలి. అది తెలియకుండానే సంవత్సరాలు గడిపేసే పిల్లలు ఉంటారు.

ఇప్పుడు మీరు అడిగినదానికి నేరుగా వస్తాను. రూపాయల్లో లెక్కగడితే నాలుగైదేళ్ల తర్వాత సింగరేణి ఉద్యోగమే ఎక్కువ అవుతుంది, ఇందులో నాకు సందేహం లేదు. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, వైద్యం ఉంది, మూడు నెలలకోసారి డీఏ మారుతుంది, ఉద్యోగం ఊడుతుందన్న భయం తక్కువ. అయినా మీరు చేరాలని నేను చెప్పలేను. మీ ఉత్తరంలో ఒక్క చోట కూడా ఆ పని చేయాలని ఉందని రాయలేదు. ఊరికి తిరిగి వెళ్లాలని ఉందనీ రాయలేదు. మీరు రాసిందంతా నాన్న అన్నారు, అమ్మ అంది, పిన్ని కొడుకు అన్నాడు. మీ భార్య కూడా వద్దంటోంది. ఇష్టం లేకుండా బాయిలోకి దిగే మనిషికి మస్టర్లు నిండవు. మస్టర్లు నిండకపోతే ఆ బోనస్, ఆ వాటా ఏవీ మీరు అనుకున్నట్టు రావు. అప్పుడు టెస్టింగ్ అనుభవమూ పాతబడిపోతుంది. నా సలహా అడిగితే మీరు హైదరాబాద్‌లోనే ఉండండి. మీ పేరు మీద సొంతంగా ఒక హెల్త్ పాలసీ ఇప్పుడే తీసుకోండి, 29 ఏళ్లకు ప్రీమియం తక్కువే. బిడ్డ పుట్టేలోపు ఒక టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా తీసుకోండి. ఐదేళ్లు నిండే తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఇంకో ఉద్యోగం చూసుకున్నా ఆ తేదీ తర్వాతే మారండి.

నాన్నగారి విషయంలో ఒక్క మాట. ఆయన బోర్డుకు వెళ్లడం ఆయన ఆరోగ్యం కోసమే కావాలి, మీ ఉద్యోగం కోసం కాదు. ఆయాసం ఉన్నవాళ్లు ఇంకా బాయిలోకి దిగడం మంచిది కాదు. అన్‌ఫిట్ చేయిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తులు మీ ఇంటికి వస్తే గుమ్మం దగ్గరే పంపించేయండి. పాత ఎక్స్‌రేలు, ఏరియా ఆస్పత్రి చీటీలు, సిక్ లీవు కాగితాలు తేదీల వరసన ఒక ఫైల్లో పెట్టి ఇవ్వండి. నిజంగా ఆరోగ్యం బాగాలేని మనిషికి కావలసింది అదే.

మరి ఆ ఉద్యోగం? వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత 2018 నుంచి కారుణ్య నియామకాలని ఇస్తున్నారు. ఉద్యోగం వద్దనుకుంటే డబ్బు రూపంలో తీసుకునే ఏర్పాటు కూడా ఉంటుంది, ఇప్పుడు ఎంతో అక్కడే కనుక్కోండి. కానీ దానికంటే ముందు మీ ఉత్తరంలోని ఒక వాక్యం దగ్గరికి వెళ్లండి. 'చెల్లెలు బీఎస్సీ చేసి ఇంట్లోనే ఉంది.' కారుణ్య నియామకాల్లో కూతుళ్లకూ ఉద్యోగాలు ఇస్తున్నారు. నాన్న ఉద్యోగం కొడుకుదే అని మీ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనకపోయి ఉండవచ్చు, కానీ అందరూ అలాగే అనుకున్నారు. చివరికి మీరు కూడా ఆమెను పెళ్లి ఖర్చు కిందే రాశారు. ఆమెకు గోదావరిఖని అంటే ఇష్టమేమో. అమ్మానాన్నల దగ్గర ఉంటూ పనిచేయాలని ఉందేమో. లేదా ఎంఎస్సీ చేయాలని ఉందేమో, ఆ మాట అనడానికి ఇంతవరకూ ఎవరూ సందు ఇవ్వలేదేమో. చేరితే ఆమె పేరు మీద పీఎఫ్, వైద్యం, సెలవులు, ఆమె జీతం, ఆమె బోనస్ ఉంటాయి. రేపు పెళ్లి మాటల్లో ఆమె ఎదురుగా కూర్చునే తీరే వేరుగా ఉంటుంది.

ఆమెకు ఏ పని ఇస్తారు, ఏ షిఫ్టు, ఉపరితలమా, వర్క్‌షాపా, ఆస్పత్రా అన్నది ముందే అడగండి. నేను బాయి గురించి మీకు చెప్పిన జాగ్రత్తలన్నీ ఆమెకూ వర్తిస్తాయి. ఆమె వద్దంటే దాన్ని కూడా మీకు ఇచ్చినంత మర్యాదతోనే వినండి.

వీలైతే ఈ శనివారం ఊరికి వెళ్లండి. అమ్మానాన్నలతో మాట్లాడే ముందు చెల్లెలిని ఒక్కదాన్నే గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లి, ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఆమె ఏమందో నాకు రాయండి.